తెలుగు కుటుంబ ధారావాహిక: ప్రసారకాలము, కథారూపము – కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల దృష్టితో ఒక పరిశీలన

1. విషయపరిచయము

తెలుగు సాహిత్యచరిత్రలో నవలకు, నాటకమునకు, కథానికకు వేరువేరు అధ్యాయములు కలవు. వారపత్రికలలో భాగములుగా వెలువడిన సీరియలు నవలయు ఆ చరిత్రలో తన స్థానమును పొందినది. కాని దాదాపు మూడు దశాబ్దములుగా తెలుగువారి యిండ్లలో సాయంకాలము మొదలు రాత్రి వరకు వినబడుచున్న టెలివిజను ధారావాహికను పరిశోధనవస్తువుగా స్వీకరించుటకు మన శాఖలు ఇంకను సంకోచించుచున్నవి. కథను సాగదీయుదురు, అత్తాకోడండ్ర కలహము తప్ప వేరొక వస్తువు లేదు, చెప్పినదే మరల చెప్పుదురు అను మూడు ఆక్షేపణలతో ఆ ప్రసంగము ముగియుచున్నది. ఈ ఆక్షేపణలు అసత్యములని మా వాదము కాదు. కథ ఏల సాగును, చెప్పినదే ఏల చెప్పుదురు అను ప్రశ్నలకు సమాధానము వెదకిన గాని అవి విమర్శ అనిపించుకొనవని మాత్రమే మా అభిప్రాయము.

ధారావాహిక రూపమును నిర్ణయించుటలో రచయిత కల్పనాశక్తి కంటె ప్రసారకాలపు కట్టుబాటునకే పాలు ఎక్కువయని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము. వారమున ఎన్ని దినములు ప్రసారమగును, ఏ వేళ ప్రసారమగును, ఆ వేళ ఇంటివారు ఏ పనిలో నుందురు, వారిని లెక్కించువారెవరు అను నాలుగు విషయములను ఎరిగినచో ఈ ప్రక్రియలోని పెక్కు లక్షణములకు కారణము దొరకును.

ఈ పరిశీలనకు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములను ఎన్నుకొంటిమి. కామారెడ్డి సికింద్రాబాదు–నిజామాబాదు రైలుమార్గముపైనను, 44వ జాతీయ రహదారిపైనను ఉన్న వ్యాపారపట్టణము. ఎల్లారెడ్డి, మంజీరనదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరమునకు చేరువనున్న చిన్న పట్టణము. ఈ రెండును 2016 వరకు నిజామాబాదు జిల్లాలో నుండి, ఆ సంవత్సరము అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినవి. వీనిని ఎన్నుకొనుటకు కారణములు రెండు. ఈ ప్రాంతమున స్త్రీలు పెక్కుమంది ఇంట కూర్చుండి బీడీలు చుట్టుదురు. కావున ధారావాహికకును ఇంటిపనికిని గల సంబంధము ఇచ్చట స్పష్టముగా కానవచ్చును. రెండవది, ఇచ్చటి ఇంటిభాషకును ధారావాహికలోని ఇంటిభాషకును గల దూరము భాషాపరిశోధకునికి మంచి సామగ్రి.

2. వారపు ధారావాహిక నుండి దినధారావాహికకు

మన గ్రామములకు టెలివిజను మొదట చేరినది కథ కొరకు కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధన ప్రయోగములో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమయ్యెను. ఆ ఆరు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబనియంత్రణము, పాఠశాలవిద్య అందలి ముఖ్యవిషయములు. ఊరికొక్క పెట్టె, చూచుట ఊరంతయు కూడి. పిదప 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆరంభమయ్యెను.

దేశవ్యాప్తముగా పేరొందిన తొలి కుటుంబ ధారావాహిక హిందీలోని ‘హమ్ లోగ్’. అది 1984 జూలై 7న ఆరంభమై 1985 డిసెంబరు 17న ముగిసెను. దానికి మాతృక మెక్సికో దేశమున మిగేల్ సబిదో అను నిర్మాత సామాజిక సందేశమునకై రూపొందించిన ధారావాహికల పద్ధతి. భాగాంతమున నటుడు అశోక్ కుమార్ తెరపైకి వచ్చి ఆనాటి కథపై నాలుగు మాటలు చెప్పి ప్రేక్షకులను సంబోధించుచుండెను. ఇట్లు కుటుంబకథ మన దేశమున బోధనోద్దేశముతోనే కాలుమోపినది.

దూరదర్శన్ కాలపు ధారావాహికకు రెండు లక్షణములు ముఖ్యములు. ఒకటి, అది సామాన్యముగా వారమున కొకమారు వచ్చునది. రెండు, అనుమతి పదమూడు భాగముల చొప్పున లభించునది. పదమూడు వారములనగా సంవత్సరమున పాదభాగము. కథ ఎచ్చట ముగియవలెనో రచయితకు ముందే తెలియును. ఈ కారణముచేత నాటి ధారావాహికకు నవలయే ఆదర్శమైనది. ఆది, మధ్యము, అంతము కలిగి, ఒక ప్రధానసమస్య చుట్టును తిరిగి, పరిష్కారముతో ముగియుట దాని స్వభావము.

ఈ స్థితిని మార్చినది 1995వ సంవత్సరము. ఆ యేట ఫిబ్రవరి 9న జెమిని, ఆగస్టు 27న ఈటీవీ ప్రసారములను ఆరంభించినవి. కేబులు తీగ పట్టణముల నుండి పెద్ద గ్రామములకు ప్రాకినకొలది తెలుగు ఇంట ఊరుమ్మడి పెట్టె పోయి సొంత పెట్టె వచ్చినది. 1990ల ఉత్తరార్ధమున దూరదర్శన్‌లో మంజులానాయుడు దర్శకత్వమున వచ్చిన ‘ఋతురాగాలు’, ఈటీవీలో వచ్చిన ‘అంతరంగాలు’ ప్రేక్షకులకు దినదిన కథాశ్రవణమును అలవాటు చేసినవి. మంజులానాయుడే తరువాత జెమినిలో ‘చక్రవాకం’, దాని వెనుక ‘మొగలిరేకులు’ ధారావాహికలకు దర్శకత్వము వహించిరి. ఇదే కాలమున హిందీలో 2000 జూలై 3న ఆరంభమైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ 2008 నవంబరు 6 వరకు 1,833 భాగములు నడచి, కుటుంబకథ యెంత దూరము పోగలదో దేశమునకు చూపినది.

వారపు కథ దినకథ యగుట కేవలము సంఖ్యాభేదము కాదు. పదమూడు భాగముల కథకు ముగింపు ఆరంభముననే ఉండును. దినకథకు ముగింపు నిర్ణయము కానిది. ప్రేక్షకులు ఉన్నంతవరకు అది సాగవలెను. ఇచ్చట నవలాదర్శము తొలగి వేరొక ఆదర్శము ప్రవేశించినది.

3. 275 వారముల లెక్క

ప్రసారకాలము కథారూపమును ఎట్లు మలచునో తెలియుటకు రెండు ధారావాహికలను ప్రక్క ప్రక్కన నుంచి చూతము.

‘మొగలిరేకులు’ 2008 ఫిబ్రవరి 18, సోమవారమున ఆరంభమై 2013 మే 24, శుక్రవారమున ముగిసెను. మొత్తము 1,368 భాగములు. స్టార్ మా ఛానలులో ‘కార్తీక దీపం’ 2017 అక్టోబరు 16, సోమవారమున ఆరంభమై 2023 జనవరి 23, సోమవారమున ముగిసెను. మొత్తము 1,569 భాగములు. పైచూపునకు రెండవది చాల పెద్దదిగా తోచును. కాని దినములను లెక్కించినచో ఆశ్చర్యకరమైన సామ్యము బయటపడును. మొదటిదానికి సోమవారము మొదలు శుక్రవారము వరకు గల వారములు 275. రెండవదానికి సరిగా 275 వారములు, పైన ఒక సోమవారము. రెండింటి ఆయుర్దాయము ఒక్కటియే.

భాగముల సంఖ్య ఏల భేదించినది? మొదటిది వారమున కైదు దినముల కథ. 275 వారములకు 1,375 భాగములు రావలెను, వచ్చినవి 1,368. అయిదేండ్లకు పైబడిన కాలములో తప్పినవి ఏడు మాత్రమే. రెండవది ఆరు దినముల కథ. 1,651 రావలెను, వచ్చినవి 1,569. తప్పినవి 82. ఈ లోటులో అధికభాగము 2020 మార్చి చివర ఆరంభమైన లాక్‌డౌన్ కాలపు విరామముగా గ్రహింపవచ్చును. ఆ విరామమే లేకున్నచో శనివారమను ఒక్క దినము వలననే రెండవ ధారావాహిక తన పూర్వజకంటె సుమారు 270 భాగములు అధికముగా నడచియుండును.

ఈటీవీలో వచ్చిన ‘అభిషేకం’ ఈ లెక్కకు మూడవ నిదర్శనము. 2008 డిసెంబరు 22న ఆరంభమై 2022 ఫిబ్రవరి 1న ముగిసిన ఈ ధారావాహిక 4,000 భాగములు నడచినది. వారమున కారు దినముల చొప్పున 684 వారములకు, మిగిలిన రెండు దినములకు కలిపి రావలసినవి 4,106. పదమూడేండ్లలో తప్పినవి నూటికి మూడు పాళ్ళకంటె తక్కువ.

శనివారము చేరుట వలన కథలో కలుగు మార్పు యేమి? అయిదు దినముల కథలో వారాంతపు మలుపు శుక్రవారము నాడు వచ్చి, ప్రేక్షకుని రెండు దినములు నిరీక్షింపజేయవలెను. మలుపు బలముగా లేనిచో సోమవారమునకు అతడు మరచును. ఆరు దినముల కథలో విరామము ఒక్క ఆదివారమే. పెద్ద మలుపు యొక్క అవసరము తగ్గి, చిన్న చిన్న కొసల అవసరము పెరుగును. వారమునకు ఒక దినపు కథ అధికముగా కావలసివచ్చుటచే ఒక సంఘటనను అధికదినములు పరచవలసివచ్చును. సాగదీత అను దోషమునకు రచయిత అశక్తతకంటె ముందుగా పంచాంగమును విచారింపవలెనని మేము చెప్పుట ఇందుకే.

అరగంట కాలములో ప్రకటనలు పోగా కథకు దక్కునది ఇరువది నిమిషములకు అటునిటు. ఆ స్వల్పకాలములోనే ప్రకటనల విరామములు రెండు మూడు వచ్చును. ప్రతి విరామమునకు ముందు ఒక కొస, భాగాంతమున ఒక పెద్ద కొస, మరునాటి ఆరంభమున నిన్నటి కొస యొక్క పునరావృత్తి. ఈ విభాగమును ఎరుగక ధారావాహిక నిర్మాణమును విమర్శించుట, ఆశ్వాసవిభాగమును ఎరుగక ప్రబంధమును విమర్శించుట వంటిది.

4. చెవికి వ్రాసిన కథ

ఇప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇండ్లకు వత్తము. బీడీపనికి కూలి వేయి బీడీల లెక్కన లభించును. తునికాకును కొలతకు కత్తిరించి, పొగాకు పొడిని పరచి, చుట్టి, దారము కట్టి, కొనను మడచుట అను పనులన్నియు చాటను ముందుంచుకొని చేయవలెను. చేయి ఆగినచో కూలి ఆగును. కావున ఈ పనిలోనున్న స్త్రీ తెరవైపు రెప్పవాల్చక చూచుచు కూర్చుండజాలదు. ఆమె చూపు చాటపై నుండును. చెవి కథపై నుండును. అవసరమని తోచినప్పుడు మాత్రమే తల యెత్తి చూచును. వంటయింటిలో నున్న స్త్రీ స్థితియు ఇంతకంటె భిన్నము కాదు.

ఇట్టి శ్రోతకు కథ అందవలెనన్న కొన్ని ఉపాయములు తప్పవు. మొదటిది, పాత్రలు ఒకరినొకరు మాటిమాటికి పేరుతోనో వరుసతోనో పిలుచుట. మాటలాడునది ఎవరో, వినునది ఎవరో చూడకయే తెలియవలెను. రెండవది, మనసులోని మాటను పెదవి కదపకయే గొంతుతో వినిపించుట. దీనిని మన నాటకలక్షణమున స్వగతమందుము. ధారావాహికలో అది కెమెరా వలన గాక చెవి వలన బ్రతికినది. మూడవది, ప్రతినాయికకు ఒక వాద్యధ్వని, దుఃఖమునకు ఒక ధ్వని, రహస్యము బయటపడు క్షణమునకు ఒక ధ్వని. ఈ ధ్వని ‘తల యెత్తుము’ అను పిలుపు. నాలుగవది, జరిగిన సంఘటనను ఒక పాత్ర వేరొక పాత్రకు ఆమూలాగ్రముగా చెప్పుట. నిన్నటి దినము పొలమునకో, అంగడికో, పెండ్లికో పోయిన శ్రోత ఈ పునఃకథనము వలన కథలో మరల చేరగలదు.

పునరుక్తి యను ఆక్షేపణకు ఇదియే సమాధానము. పుస్తకమును చదువువానికి పునరుక్తి దోషము, ఏలనన అతడు పుట వెనుకకు త్రిప్పగలడు. చాట ముందు కూర్చున్న శ్రోతకు పుట లేదు.

ఈ లక్షణము తెలుగునకే ప్రత్యేకము కాదు. అమెరికాలో ‘గైడింగ్ లైట్’ అను కుటుంబగాథ 1937లో రేడియోలో ఆరంభమై, 1952లో టెలివిజనుకు మారి, 2009 వరకు నడచినది. పగటివేళ ఇంటిపనిలో నుండు గృహిణులకై సబ్బు కంపెనీలు ఇట్టి కథలను పోషించుటచే వీనికి ‘సోప్ ఒపేరా’ అను పేరు వచ్చినది. ఆంగ్లదేశమున పల్లెటూరి రైతుకుటుంబపు కథయైన ‘ది ఆర్చర్స్’ 1951 జనవరి 1 నుండి దేశవ్యాప్తముగా రేడియోలో ప్రసారమగుచు నేటికిని సాగుచున్నది. కుటుంబ ధారావాహికకు పుట్టినిల్లు తెర కాదు, రేడియో. దృశ్యము తరువాత వచ్చి చేరినది.

5. పూర్వసంప్రదాయముతో పోలిక

పలురాత్రులు సాగు కథ తెలంగాణమునకు క్రొత్తది కాదు. ఒగ్గుకథకులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను దీర్ఘముగా గానము చేయుదురు. చిందు భాగవతులు ఊరూర ఆటలాడి పురాణకథలను ప్రదర్శింతురు. ఆ కళకు దేశమంతట పేరు తెచ్చిన చిందుల ఎల్లమ్మ (మరణము 2005) నిజామాబాదు జిల్లాకు చెందినవారు. ఆ ఆటలలోను కథాసంధి కలుపు వచనము, పాత్రప్రవేశమునకు ముందు ధ్వని, పాత్ర తన పేరును వరుసను తానే చెప్పుకొనుట కలవు. దూరమున కూర్చున్నవానికి, నడుమ వచ్చి చేరినవానికి కథ అందజేయుటకు కల్పించిన ఉపాయములే ఇవి.

కాని పోలికను హద్దు దాటనీయరాదు. చిందాటలో కథ ముందే అందరికిని తెలియును. ఏమి జరుగునో అను ప్రశ్న లేదు; ఎట్లు చూపుదురో అను ఆసక్తి కలదు. ధారావాహికలో కథ ఎవ్వరికిని తెలియదు. కొన్ని సమయములందు వ్రాయువారికిని తెలియదు. 2020లో చిత్రీకరణ నిలిచిన కొలదిదినములలోనే ఛానలులలో క్రొత్త భాగములు అడుగంటి, పాతభాగములు మరల వచ్చినవి. ముందుగా సిద్ధముచేసి నిలువయుంచిన కథ యెంత స్వల్పమో ఆ వేసవి చూపినది. కథ దినకూలి వలె ఏనాటికానాడు సంపాదించుకొని బ్రతుకుచున్నది. అందుచేతనే అది ప్రేక్షకుల యిష్టానిష్టములకు వెంటనే లోబడును. ‘కార్తీక దీపం’లో 2022లో నాయికానాయకులు ప్రమాదమున మరణించినట్లు చూపి, పెరిగి పెద్దవారైన కూతుండ్ర కథను నడిపిరి, ఆ సంవత్సరముననే నాయికానాయకులను మరల సజీవులుగా తెరపైకి తెచ్చిరి. పురాణకథలో మరణము కథాధర్మము. ఇచ్చట అది పరీక్షింపబడు ఒక ప్రతిపాదన.

6. లెక్కకు వచ్చినవారు, రానివారు

ప్రేక్షకుల యిష్టము అనుచున్నాము. ఏ ప్రేక్షకులు? 2015కు పూర్వము టామ్ అను సంస్థ ప్రేక్షకసంఖ్యను కొలుచుచుండెను. ఆ కొలత పట్టణములకే, అందును ప్రధానముగా లక్షకు మించిన జనాభా గల పట్టణములకు పరిమితము. 2011 జనాభాలెక్కల ప్రకారము కామారెడ్డి లక్షకు లోపు జనాభా గల పట్టణము. ఎల్లారెడ్డి నాటికి పురపాలకసంఘమైనను కాదు. 2015లో కొలతబాధ్యత బార్క్ అను క్రొత్త సంస్థకు వచ్చి, ఆ సంవత్సరము అక్టోబరు నుండి గ్రామీణప్రాంతములును లెక్కలో చేరినవి.

పైన చూచిన రెండు ధారావాహికలు ఈ కాలరేఖకు ఇరుప్రక్కల నున్నవి. ‘మొగలిరేకులు’ నడచిన 275 వారములును పట్టణపు లెక్కల కాలము. ‘కార్తీక దీపం’ నడచిన 275 వారములును గ్రామము లెక్కకు వచ్చిన కాలము. ఎల్లారెడ్డి పల్లెలలో మొదటిదానిని విన్నవారు లేరని కాదు; వారు విన్నను వారి వినికిడి కథ దారిని మార్చుశక్తి కలది కాదు.

‘కార్తీక దీపం’ కథ తెలుగున పుట్టినది కాదు. 2014లో ఆరంభమైన ‘కరుత్తముత్తు’ అను మలయాళ ధారావాహిక దానికి మూలము. అందలి నాయిక పాత్రను మొదట ధరించిన ప్రేమీ విశ్వనాథ్ తెలుగునందును నాయిక దీపగా నటించిరి. కావున నల్లని మేనిఛాయ గల నాయిక, భర్త అనుమానమునకు గురియై విడిపోయి వంటపనితో జీవించు స్త్రీ అను వస్తువు గ్రామీణ ప్రేక్షకసంఖ్య వలన కల్పింపబడినదనరాదు. భర్త వైద్యుడయ్యును అనుమానము ఏండ్ల తరబడి తీర్చుకొనకుండుట ప్రేక్షకులకే పరిహాసవిషయమయ్యెను. ఐనను ఆ కథ బార్క్ తెలుగు పట్టికలలో పెక్కువారములు అగ్రస్థానమున నిలిచినది. నాయిక అసలు పేరునకు బదులు ‘వంటలక్క’ అను పనిపేరే జనులలో స్థిరపడినది. చేతిపనితో బిడ్డను పెంచుకొను స్త్రీ కథకు, చేతిపనిలో నుండి దానిని విను స్త్రీకి గల సంబంధము పరిశీలింపదగినది. ఇది సిద్ధాంతము కాదు, శోధింపవలసిన ఊహ. సరిచూచుటకు కామారెడ్డి బీడీకార్మికుల ఇండ్లకంటె తగిన చోటు అరుదు.

7. బంధువాచకములు, ఇంటిభాష

ధారావాహికలో ప్రతి సంభాషణయు ఒక వరుసపిలుపుతో ఆరంభమగునంటిమి. ఆ పిలుపులు ఏ తెలుగునకు చెందినవి? నాన్నగారు, అత్తయ్యగారు, మామయ్యగారు, బాబాయి, పిన్ని అనునవి విశేషముగా వినవచ్చును. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో బాపు లేక నాయిన, అవ్వ, అత్తమ్మ, కాక, చిన్నమ్మ అను పిలుపులు సహజములు. ఇంటికథయని పేరొందిన దానిలో తన యింటి పిలుపులు లేకపోవుట ఈ ప్రాంతపు శ్రోతకు నిత్యానుభవము. తెలంగాణపు పలుకుబడి చిరకాలము పనివానికో, రౌడీకో, హాస్యపాత్రకో దక్కినది. నాయికానాయకులకు దక్కుట అరుదు. మలయాళ, కన్నడ ప్రాంతముల నుండి వచ్చిన నటీమణులకు డబ్బింగు కళాకారిణులు గొంతు నిచ్చుట సామాన్యమగుటచే, నాయికభాష ఏ ఊరిదియు కాని ఒక మధ్యభాషగా రూపొందినది.

శ్రోత ఈ మధ్యభాషను వినును. కాని దానితో ఆగదు. నిన్నటి కథ తప్పినవారికి మరునాడు చెప్పునప్పుడు తన భాషలో చెప్పును. తెరపై ‘అత్తయ్యగారూ, ఆయన ఇంకా రాలేదండీ’ అని వినిన మాట ఇంటిముంగిట ‘ఆమె మొగడు ఇంకా రాలేదట, అత్తతోని చెప్పింది’ అను తీరుగా మారును. సంబోధన పోయి ప్రథమపురుష వచ్చును. ‘అట’ అను నిపాతముతో కథ పరోక్షమగును. పాత్ర పేరు తరచుగా పోయి వరుస మిగులును. ఈ పునఃకథనము ఎచ్చటను ముద్రితము కాదు. మా దృష్టిలో ధారావాహికకు ఎల్లారెడ్డి పాఠమనదగినది ఇదియే. వ్రాతప్రతులకు పాఠాంతరములను సేకరించు మన శాఖలకు ఈ పని తెలియనిది కాదు.

అదే శ్రోత వద్ద పై మధ్యభాష కొంత నిలుచుటయు కలదు. పిల్లలు పిన్ని, బాబాయి అను మాటలను తెరనుండియో, పాఠశాలనుండియో, పట్టణబంధువులనుండియో నేర్చుచున్నారు. వీనిలో దేని పాలు ఎంతయో తేల్చుటకు మూడు తరములవారి పిలుపులను ఒకే యింట వ్రాసికొనవలెను. ధారావాహికయే సర్వకారణమనుట తొందరపాటు. దానికి సంబంధమే లేదనుట అంతకంటె తొందరపాటు.

8. నిలుపవలసిన సామగ్రి

ఈ పరిశోధనకు ఆటంకము అభిరుచి కాదు, ఆధారము. మన దేశమున 1954 నాటి గ్రంథసమర్పణ చట్టము ప్రకారము ముద్రితమైన ప్రతి పుస్తకపు ప్రతులు నిర్దిష్ట గ్రంథాలయములకు చేరవలెను. ఏ కొలది ప్రతులు మాత్రమే అచ్చయిన ఖండకావ్యమైనను చట్టము దృష్టిలో భద్రపరుపదగినదే. టెలివిజను ప్రసారమునకు ఇట్టి సమర్పణనియమము లేదు. ప్రసారానుమతి నిబంధనల ప్రకారము ఛానలు తాను ప్రసారము చేసినదానిని 90 దినములు ఉంచినచో చాలును. ఆ నియమమును బార్క్, ప్రకటనలు, ధరలు కాక సాహిత్యదృష్టితో చూచినచో దాని అర్థము ఇది: ఒక ధారావాహిక భాగమునకు చట్టమిచ్చు ఆయుర్దాయము మూడు మాసములు.

‘అభిషేకం’ 4,000 భాగములను భాగమునకు ఇరువది నిమిషముల చొప్పున లెక్కించినచో 1,300 గంటలకు పైబడిన తెలుగు సంభాషణ యగును. అందులో 2008 నుండి 2022 వరకు తెలుగు ఇంటిలోని సంబోధనలు, తిట్లు, మన్ననలు, పెండ్లిమాటలు, వైద్యుని ముందరి మాటలు, పోలీసు ముందరి మాటలు కలవు. అవి నిజమైన ఇంటిమాటలు కావు. కాని ఇంటివారు తమవని అంగీకరించి విన్న మాటలు. భాషాచరిత్రకారునికి ఇది తక్కువ విలువ గలది కాదు. ఇటీవలి ధారావాహికలు అంతర్జాలవేదికలలో లభించుచున్నవి. కాని అవి వ్యాపారసంస్థల యిష్టముపై ఉండునవి, పోవునవి. 1990ల దినధారావాహికల విషయమున ఈ సౌకర్యమైనను పూర్ణముగా లేదు.

తెలుగు శాఖలు వెంటనే చేపట్టగల పనులు మూడు కలవు. మొదటిది ప్రసారసూచి. ఒక్కొక్క ధారావాహికకు ఆరంభదినము, ముగింపుదినము, ప్రసారవేళ, వారమునకు దినములు, భాగసంఖ్య, కథ, మాటలు, దర్శకత్వము వహించినవారి పేర్లు, మూలమైన వేరుభాషా ధారావాహిక అను వివరములతో సూచి సిద్ధము చేయవలెను. పై 275 వారముల లెక్క ఇట్టి సూచి యెంత ఉపకరించునో చూపినది. మాటల రచయితలు నడుమ మారుచుందురు గనుక పేర్లపట్టికను కాలక్రమమున వ్రాసికొనుట అవసరము. రెండవది సంభాషణసంపుటి. ప్రతి ధారావాహిక నుండియు సంవత్సరమునకొక వారపు భాగములను యథాతథముగా వ్రాసి, బంధువాచకములను, సంబోధనలను, పునఃకథనములను గుర్తింపవలెను. మూడవది శ్రోతృకథనము. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి ప్రాంతములలో విన్నవారిచేత కథను వారి మాటలలో చెప్పించి భద్రపరుపవలెను.

ఈ మూడింటిలో మూడవదానికి కాలము తక్కువ. ఊరుమ్మడి పెట్టెను ఎరిగినవారు, వారపు కథను విని దినకథకు మారినవారు, చిందాటను రాత్రియంతయు చూచినవారు ఒకే మనిషిలో కలిసియున్న తరము నేడు వృద్ధాప్యమున నున్నది. తరువాతి తరము ధారావాహికను చేతిఫోనులో, తనకు వీలైన వేళ, ఇష్టము లేని భాగమును దాటించి చూచుచున్నది. ఆ శ్రోతకు పునరుక్తి అక్కర లేదు. శనివారమునకు, శుక్రవారమునకు భేదము లేదు. 2024 మార్చి 25న ‘కార్తీక దీపం’ రెండవ కథ ఆరంభమైనప్పుడు పాతశ్రోతలు ఛానలు వేళకును, క్రొత్తవారు ఫోనులో తమ వేళకును చూచిరి. ప్రసారకాలపు కట్టుబాటు వలన పుట్టిన ఒక కథారూపము, ఆ కట్టుబాటు సడలుచుండగా ఎట్లు మారునో ప్రత్యక్షముగా చూచు అవకాశము మన కాలపు పరిశోధకునికి లభించినది. చాట ముందు కూర్చుండి ముప్పదియేండ్లు కథ విన్న స్త్రీ చెప్పగల సాక్ష్యము లేక ఆ మార్పును కొలుచుట సాధ్యము కాదు. సిద్ధాంతవ్యాసమునకు విషయము వెదకు పరిశోధకవిద్యార్థులు ఈ దిక్కునకు దృష్టి సారింతురు గాక.